నిండుకున్నది

చేవెళ్లలో భద్రయ్య కిరాణ దుకాణం పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఆ గల్లా మీది నుంచి 'లేదు' అనే మాట ఎవరూ వినలేదు. కందిపప్పు అయిపోతే 'నిండుకున్నది' అంటాడు. తన దుకాణంలో ఎన్నడూ అమ్మని సరుకు అడిగితే 'రేపు చూద్దాం' అంటాడు. ఆ రేపు రాదని ముడిమ్యాల నుంచి వచ్చే రైతులకు కూడా తెలుసు. నవ్వుకుని పక్క దుకాణానికి పోతారు. గల్లా మీద కూర్చుని లేదంటే లక్ష్మి ఆ మాటనే పట్టుకుంటుందని భద్రయ్యకు అతని తండ్రి చెప్పాడు. దీపం పెట్టిన తరువాత ఆ పట్టింపు ఇంకా గట్టిది. ఉప్పు ఇవ్వడు, సూది ఇవ్వడు, ఇవ్వనని కూడా చెప్పడు. "పొద్దుగాల రాండ్రి, మంచిది ఇస్త" అంటాడు.

అతని ఒక్కగానొక్క బిడ్డ భవిత ఈ మాటల మధ్యనే పెరిగింది. రెండో తరగతిలో పంతులు హోంవర్క్ ఏదని అడిగితే లేచి నిలబడి "నిండుకున్నది సార్" అన్నది. క్లాసంతా నవ్వింది. పదో తరగతి అయ్యేదాకా వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు ఆమెను ఆ పేరుతోనే పిలిచేవారు. ఆమె మళ్లీ ఆ మాట ఇంటి బయట అనలేదు. ఇంట్లో విన్నా పళ్లు బిగబట్టేది.

ఇంటర్ తరువాత మొయినాబాద్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. నాలుగేళ్లు షేర్ ఆటోలో, వెనక సీట్లో నలుగురి మధ్య ఒత్తుకుని పోయి వచ్చింది. అప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల మాట లేని ఇల్లు చేవెళ్ల రోడ్డు మీద లేదు. పొలాలు వెంచర్లవుతున్నాయి, పిల్లలు సాఫ్ట్‌వేర్‌లవుతున్నారు. భవిత మాత్రం చదువు ముగిశాక ఏడాది పైగా ఫైలు పట్టుకుని ఆ మేడల చుట్టూ తిరిగింది. ప్రతిచోటా 'కాల్ చేస్తాం' అన్నారు. 'కాల్ చేస్తాం' అంటే 'రేపు చూద్దాం' అని ఆమెకు తొందరగానే తెలిసింది. ఆ భాష ఆమెకు కొత్తది కాదు.

చివరికి మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ తీసుకుంది. దూరదేశాల వ్యాపారుల సర్వర్లను ఇక్కడి నుంచి చూసుకోవడం వాళ్ల పని. అక్కడివాళ్లు లేచే వేళకు ఇక్కడ పని మొదలవుతుంది. అంటే మధ్యాహ్నం కూర్చుంటే లేచేసరికి రాత్రి పదకొండు. ఆ వేళకు చేవెళ్ల బస్సు దొరకదు.

"హాస్టల్‌ల ఉంట బాపూ, అందరు ఉంటున్నరు" అన్నది భవిత, దుకాణం పైన మేడ మీది ఇంట్లో అన్నం తినేటప్పుడు.

"అందరి సంగతి మనకెందుకు? వద్దు" అన్నాడు భద్రయ్య. గల్లా దిగి ఇంట్లోకి వస్తే అతనికి ఏ పట్టింపూ లేదు. ఇంట్లో వద్దు అనగలడు, లేదు అనగలడు, కాదు అనగలడు. ఆ మాటలన్నీ దుకాణంలో దాచిపెట్టుకుని ఇంటికి తెచ్చి ఖర్చు చేస్తాడని అతని భార్య శారదాదేవి అంటుంది.

ఉద్యోగం పోయేటట్టే ఉంది. భవిత టీమ్ లీడ్ రిషి ఒక దారి చూపించాడు. ఇంటి నుంచి పని చెయ్యి, లైన్ తెగకుండా ఉంటే మూడు నెలల తరువాత అదే ఖాయం చేద్దామన్నాడు. ఒక లాప్‌టాప్ ఇచ్చాడు. దానిలో బొమ్మలు లేవు, నొక్కే గుర్తులు లేవు. తెరిస్తే నల్ల తెర, ఒక మూల మినుకుమనే గీత. ఏం కావాలన్నా అక్షరాలలో రాసి చెప్పాలి. సర్వర్లు చూసుకునేవాళ్లకు అదే అలవాటు కావాలని ఆ కంపెనీ పద్ధతి.

భవితకు ఆ తెర నచ్చింది. అది అడిగినదానికి జవాబు చెప్తుంది. ఉంటే ఉన్నదంటుంది, లేకుంటే లేదంటుంది. కింద గల్లా మీద ఎన్నడూ వినని తీరు అది.

చిక్కు నెట్ దగ్గర వచ్చింది. కేబుల్ మాణిక్యం వచ్చి వైఫై డబ్బాను దుకాణంలో, గల్లా వెనక గోడకు బిగించాడు. ఇన్వర్టర్ లైను అక్కడే ఉంది, కరెంటు పోయినా నెట్ పోదని. అక్కడి నుంచి మేడ మీదికి వైరు గుంజితే బియ్యం బస్తాల వెనక ఎలుకలు కొరికాయి. మళ్లీ గుంజితే మళ్లీ కొరికాయి. ఇక మిగిలింది గాలిలో వచ్చేదే. భవిత మేడ మీద, సరిగ్గా గల్లా పైన పడే మూలకు బల్ల జరుపుకున్నది. నల్ల తెర మీద చుట్టుపక్కల నెట్‌ల జాబితా అడిగితే 'భద్రయ్య కిరాణ' అని దుకాణం పేరే మొదట వచ్చేది, దాని పక్కన నాలుగు గీతలు. పేరు మధ్యలో ఖాళీ ఉన్నందుకు ప్రతిసారీ కొటేషన్లలో పెట్టి రాయాలి. మాణిక్యాన్ని పేరు కలిపి పెట్టమంటే, విడదీస్తేనే బోర్డు లెక్క ఉంటదని భద్రయ్య ఒప్పుకోలేదు.

ఫోన్లలో నెట్ అగ్గువ కాకముందు మాట ఇది. దుకాణంలో ఊరికే నెట్ వస్తుందని తెలిసిన వారానికి అరుగు నిండింది. పొద్దున కూరగాయలు అమ్ముకున్న రైతులు, బస్సు కోసం ఆగిన కాలేజీ పిల్లలు, చేవెళ్ల మొయినాబాద్ మధ్య షేర్ ఆటో తోలే అరుణ్. అరుణ్ ఆటోను అరుగు ముందే అడ్డంగా పెట్టి, మనుషులు నిండేదాకా పాటలు చూసేవాడు.

"సేటూ, పాస్‌వర్డ్ ఏంది?"

"గదే, మా బిడ్డ పేరు, దాని ఎనక ఒకటి రెండు మూడు." భద్రయ్య పప్పు జోకుతూనే చెప్పేవాడు. "మా బిడ్డనే పెట్టించింది. ఇంట్ల కూసోని అమెరికోళ్ల పని చేస్తది."

నీళ్లడిగితే నీళ్లు ఇచ్చినట్టు ఇచ్చేవాడు. మేడ మీద భవిత తెరలో అక్షరాలు ఒక్కొక్కటి బురదలో కాలు పీకినట్టు పడేవి. సర్వర్‌కు వేసుకున్న భద్రమైన దారి ఊడిపోయేది. మళ్లీ వేసుకునేది. మళ్లీ ఊడేది.

ఆమె పాస్‌వర్డ్ మార్చింది. మార్చినప్పుడల్లా తన లాప్‌టాప్‌లోనూ పని ఉంటుంది. పాత కనెక్షన్‌ను పేరు రాసి తీసేయాలి, కొత్తగా కలపమని రాయాలి. పాస్‌వర్డ్‌ను ఆ వరుసలోనే రాస్తే అది తెర జ్ఞాపకంలో ఉండిపోతుంది, ఎవరైనా పై బాణం నొక్కి చూడవచ్చు. అందుకని ఆమె 'అడుగు' అని ఒక మాట చేర్చేది. అప్పుడు తెర పాస్‌వర్డ్ అడుగుతుంది. రాస్తుంటే ఒక్క అక్షరం కనిపించదు, చుక్క కూడా పడదు. పక్కన కూర్చున్నవాళ్లకు కూడా తెలియదు. ఆ జాగ్రత్తంతా పాటించి ఆమె తల ఎత్తేసరికి కింద నుంచి తండ్రి గొంతు వినిపించేది: "ఇయ్యాల మారింది. ఇప్పుడు శారద, దాని ఎనక నాలుగు సున్నలు."

ఎందుకంటే మారిన పాస్‌వర్డ్ దుకాణం ఫోన్‌లో పెట్టమని అతను అడిగేవాడు, ఆమె పెట్టేటప్పుడు చూసేవాడు. చూసినది అడిగినవాళ్లకు చెప్పేవాడు.

ఫోన్లను ఒక్కొక్కటిగా ఆపింది. చవక డబ్బా, కరెంటు పోయి ఇన్వర్టర్‌కు మారే ఆ క్షణంలోనే ఆపినవాళ్లందరినీ మరిచిపోయి మళ్లీ రానిచ్చేది. డబ్బాకు కూడా తన తండ్రి గుణమే అబ్బిందనుకున్నది భవిత.

"చెప్పకుంటే ఏమైతది బాపూ? లేదని ఒక్క మాట అనరాదు?"

"గల్లా మీద కూసోని ఎట్లంట బిడ్డా?"

"అది పప్పు గాదు, ఉప్పు గాదు. లక్ష్మికి వైఫై తోని ఏం పని?"

"గట్లనకు" అన్నాడు భద్రయ్య, నిజంగానే చెంపలేసుకుని.

శారదాదేవి పళ్లెం తీస్తూ, "దానికి పనే పాయె అంటుంటే నీకు మాటనే పెద్దగైంది" అన్నది భర్తతో. "నువ్వు లేదనకు. ఇంకేదన్న అను. నీకు మాటలు తక్కువనా?"

మూడో నెల చివరి వారంలో రిషి ఫోన్ చేశాడు. ఆఫీసులో అందరూ అందరినీ పేరుతోనే పిలవాలి. అతను భవిత కంటే పదేళ్లు పెద్ద, అయినా రిషీ అనాలి. ఆమె ఏదీ పిలవకుండానే మాట్లాడేది.

"భవితా, శుక్రవారం సాయంత్రం ఒక క్లయింట్ మెయిల్ సర్వర్‌ను కొత్త మెషీన్‌కు మార్చాలి. నువ్వే చెయ్యి. నేనూ క్లయింటూ ఫోన్‌లో ఉంటాం. అది శుభ్రంగా అయిందంటే మేనేజర్‌తో మాట్లాడి ఇంటి నుంచి పని ఖాయం చేయిస్తా."

"సరే."

"తెగిందంటే నేనేం చెప్పలేను. ఆఫీసుకు రావాలి, లేదంటే మానుకోవాలి."

ఆమె గురువారం పొద్దున దుకాణంలోకి దిగి తండ్రి ముందు నిలబడింది. అరుగు మీద ఇంకా ఎవరూ లేరు.

"రేపు నా నౌకరి సంగతి తేలుతది బాపూ. ఇయ్యాల పాస్‌వర్డ్ మారుస్తున్న. దుకాణం ఫోన్‌ల గూడ పెట్టను. నీకు గూడ చెప్పను."

భద్రయ్య కాసేపు తక్కెడ పళ్లెం తుడిచాడు. "చెప్పకు. నాకెందుకు? ఎవడన్న అడిగితే నేను చూసుకుంట తియ్యి."

"ఏమని చెప్తవు?"

"ఏదో ఒకటి చెప్త. ఫికర్ జెయ్యకు. నీ పని మంచిగ చేసుకో."

ఏదో ఒకటి అంటే ఏమిటని ఆమె అడగలేదు. అడిగితే మళ్లీ మొదటికి వస్తుంది.

మేడ మీదికి వచ్చి లాప్‌టాప్ నుంచే డబ్బా సెట్టింగుల్లోకి పోయి కొత్త పాస్‌వర్డ్ పెట్టబోయింది. కనీసం ఎనిమిది అక్షరాలుండాలి. పేర్లు వద్దు, పుట్టిన తేదీలు వద్దు, నిఘంటువులో దొరికేవి వద్దు. తాను మరిచిపోనిది, మరొకరికి తట్టనిది కావాలి. ఎన్నేళ్లయినా మరిచిపోలేని మాట ఆమె దగ్గర ఒకటే ఉంది. కోపం ఇంకా దిగలేదేమో, వేళ్లు ఆ మాట వైపే పోయాయి. నిండుకున్నది. ఇంగ్లిషు అక్షరాలలో, అన్నీ చిన్నవే, కలిపి. పన్నెండు అక్షరాలు. ఎవరికి తడుతుంది? రెండో తరగతిలో నవ్విన పిల్లలకు తప్ప.

తరువాత లాప్‌టాప్‌లో పాత కనెక్షన్ తీసేసి కొత్తది కలపమని రాసింది. తెర పాస్‌వర్డ్ అడిగింది. ఏమీ కనపడకుండా రాసింది. ఒక క్షణం ఆగి, కనెక్షన్ కుదిరిందని తెర చెప్పింది. ఆ రోజంతా లైను నీళ్లలా నడిచింది. కింద అరుగు మీద అరుణ్ గొణుగుడు వినిపించింది, "నెట్ అస్తలేదేంది?" అని. భవితకు నవ్వు వచ్చింది. ఆ నెలలో నవ్వింది అదొక్కసారే.

శుక్రవారం సాయంత్రం అయిదున్నరకు రిషి, క్లయింటు ఫోన్‌లోకి వచ్చారు. భవిత చెవికి ఫోన్ పెట్టుకుని, చేసే ప్రతి పనీ ముందు చెప్పి తరువాత చేస్తున్నది. మొదటి సగం బాగా అయింది. కింద దుకాణంలో సందడి మొదలైంది. అప్పుడే దీపం పెట్టినట్టున్నారు, అగరుబత్తి వాసన మెట్ల మీదుగా పైకి వచ్చింది.

పాత సర్వర్‌ను ఆపి కొత్తదాన్ని లేపే చోటికి వచ్చేసరికి తెర నిలిచిపోయింది.

గీత మినుకుమనడం లేదు. రాసిన అక్షరం పడడం లేదు.

"భవితా?" అన్నాడు రిషి.

"ఒక్క నిమిషం."

వేరే తెర తెరిచి చుట్టూ ఉన్న నెట్‌లు అడిగింది. భద్రయ్య కిరాణ, పక్కన చుక్క గుర్తు, నాలుగు గీతలు నిండుగా ఉన్నాయి. కనెక్షన్ ఉన్నదనే తెర అంటున్నది. తీసి మళ్లీ వేయమని రాసింది. వేసింది. సర్వర్ దాకా దారి పడింది. రెండు వరుసలు నడిచి మళ్లీ ఊడింది. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు కాబట్టి తప్పు కేబుల్ వాళ్లదేనని తీర్మానించుకుని ఇంకో ఫోన్‌లో మాణిక్యానికి కలిపింది.

"మా దిక్కు అంత మంచిగనే ఉన్నదమ్మా" అన్నాడు మాణిక్యం. "మీ డబ్బా నుంచే మస్తు గుంజుతున్నరు. ఇంట్ల చుట్టాలొచ్చిన్రా ఏంది?"

"చుట్టాలెవరన్నా?"

"మరి గన్ని ఫోన్లు ఎవలివమ్మా?"

ఆమె తెర మీద ఆ డబ్బాను పట్టుకుని ఉన్నవాళ్ల జాబితా అడిగింది. వరుసలు ఒకదాని కింద ఒకటి వచ్చి తెర నిండి పైకి జరిగాయి. చెవి దగ్గర క్లయింటు ఇంగ్లిషులో ఏదో అడుగుతున్నాడు. రిషి, "భవితా, నేను తీసుకుంటున్నా, నువ్వు ఏం ముట్టుకోకు" అన్నాడు.

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి కిందికి దిగింది.

మెట్ల చివర, పంచదార డబ్బాల వెనక ఆగింది. అరుగు మీద చోటు లేదు. ఫోన్ల వెలుగు ముఖాల మీద పడుతున్నది. మొయినాబాద్ పక్క హిమాయత్‌నగర్ నుంచి ఆకుకూరలు తెచ్చి అమ్ముకునే సాయమ్మ గల్లా ముందు నిలబడి, కొంగుముడి విప్పి మనుమడి పాత ఫోన్ తీసింది.

"సేటూ, మా మనుమరాలి పెండ్లి వీడియో పంపిన్రట. జర గా పాస్‌వర్డ్ చెప్పు."

భద్రయ్య దీపం వైపు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించి, చాలా మర్యాదగా అన్నాడు.

"నిండుకున్నదవ్వా."

"ఇటియ్యి అవ్వా, నేను కొడ్త" అన్నాడు అరుణ్, అరుగు మీది నుంచి చెయ్యి చాచి. "ఎన్ ఐ ఎన్ డి యు, కె యు, రెండు ఎన్‌లు... ఎనక ఎ డి ఐ. ముందుగాల నేను డి పక్కన హెచ్ పెట్టిన, పట్టలే. హెచ్ తీసేసిన, పట్టింది." ఫోన్ ఆమెకిచ్చాడు. "ఇగ చూడు. సేటు ఈసారి మంచి పాస్‌వర్డ్ పెట్టిండు, మరిచిపోదమన్న మరిచిపోము."

"నేనేడ పెట్టిన్రా?" అన్నాడు భద్రయ్య. "నేను నిండుకున్నదంటున్న."

"గదే సేటూ, గదే కొట్టిన."

"గది గాదురా, నిండుకున్నది!"

"అవును సేటూ. అందరికి చెప్పిన గద, మళ్ల మళ్ల నిన్నెందుకు సతాయించుడని."

పంచదార డబ్బా మూత ఒకటి కింద పడి దొర్లింది. భద్రయ్య తిరిగి చూశాడు. బిడ్డ ముఖం చూసి అతనికి కొంత అర్థమైంది, మిగతాది కాలేదు.

"నువ్వు గదే పెట్టినవా?" అన్నాడు.

ఆమె తల ఊపింది.

భద్రయ్య చేతిలోని పొట్లం దారం వదిలేశాడు. దారం ఉండ దొర్లుతూ గల్లా కిందికి పోయింది. "నిన్నటి సంది అందరికి గట్లనే చెప్తున్న బిడ్డా. నిన్న ఎవ్వనికి పట్టలే, ఊకున్నరు. ఇయ్యాల గీడు హెచ్ తీసిండు." దారం కోసం వంగి, మెల్లగా అన్నాడు. "ఎవ్వరికి చెప్పొద్దంటివి. నాకు గూడ చెప్పకపోతివి. చెప్తే గా మాట అనకపోతుంటి గద."

అందులో అబద్ధం లేదు. అదే ఆమెకు ఎక్కువ మంట పుట్టించింది. అరవడానికి ఎవరూ మిగలలేదు. అతను లేదనలేదు. అతను చెప్పొద్దన్నది చెప్పలేదు కూడా. మేడ మీద ఒక్క చుక్క కనపడకుండా తాను రాసుకున్న మాటను, కింద దీపం ముందు అతను మర్యాదగా పంచిపెట్టాడు.

పైకి పోయేసరికి బల్ల మీద ఫోన్ కట్ అయి ఉంది. ఆగిపోయిన పనిని రిషి తన కుర్చీ నుంచి ముగించాడు. కాసేపటికి మెసేజ్ వచ్చింది. సోమవారం నుంచి ఆఫీసుకు రా, కుదరదంటే అదే రోజు లాప్‌టాప్ తెచ్చి ఇచ్చెయ్యి అని. కింద ఇంకో వరుస, సారీ అని.

శనివారం భద్రయ్య రెండుసార్లు మేడ మీదికి వచ్చి, మంచినీళ్లు తాగి, దిగిపోయాడు. హాస్టల్ సంగతి ఇంట్లో అడిగితే ఏమంటాడో భవితకు తెలుసు. ఒకసారి అన్నాడు, మళ్లీ అదే అంటాడు. ఆదివారం మధ్యాహ్నం ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన అనడానికి సిగ్గుపడవలసిన ఆలోచన. గిరాకీ మధ్య అతన్ని ఇరికించడం అది. అయినా దీపం వేళ దాకా ఆగింది.

దీపం పెట్టాక వీధి వైపు నుంచి తిరిగి వచ్చి, మిగతా గిరాకీతో పాటు గల్లా ముందు నిలబడింది. ముందున్న మనిషికి గోధుమపిండి కట్టి ఇచ్చి భద్రయ్య అలవాటుగా, "ఏం గావాలె?" అన్నాడు. తరువాత చూశాడు.

"నౌకరి పోవద్దంటే రేపటి సంది హాస్టల్‌ల ఉండాలె బాపూ" అన్నది భవిత. "నీ ఒప్పుదల గావాలె. ఉన్నదా?"

అరుగు మీద సాయమ్మ ఫోన్ దించింది. భద్రయ్య పెదవులు కదిలాయి. రేపు చూద్దాం అంటాడేమో అని భవిత ఎదురుచూసింది. అన్నా సరే, ఆ రేపు తెల్లవారితే వస్తుంది. నిండుకున్నది అన్నా సరే, ఆ మాటకు ఈ దుకాణంలో ఇప్పుడు ఎన్నో అర్థాలున్నాయి.

భద్రయ్య గల్లాపెట్టె మూసి తాళం తిప్పాడు. గద్దె దిగాడు. చెప్పులు వెతుక్కుని వేసుకున్నాడు. అరుగు మీద కాళ్లు ముడుచుకుంటున్న మనుషుల మధ్య నుంచి దారి చేసుకుని మెట్లు దిగి, మురుగు మోరీ దాటి, రోడ్డు అంచుకు వచ్చి నిలబడ్డాడు. దీపం కనపడకుండా వీపు తిప్పాడు.

"లేదు" అన్నాడు.

బస్సు ఒకటి వికారాబాద్ వైపు పోయింది. అది పోయేదాకా అక్కడే ఉండి, మళ్లీ మోరీ దాటి, చెప్పులు విడిచి, గల్లా ఎక్కి కూర్చున్నాడు. ఆ ఒక్క మాట ఎవరికైనా చెప్పమని ఆమె మూడు నెలలు బతిమాలింది. చెప్పాడు. ఆమెకే.

అరుణ్‌కు నిశ్శబ్దం పడదు.

"గది పాస్‌వర్డ్‌కు పనికిరాదు సేటూ" అన్నాడు. "నాలుగే అక్షరాలైతయి. ఎనిమిదుండాలె."

ఎవరూ నవ్వలేదు. సాయమ్మ అతని భుజం మీద ఒక్కటి వేసింది.

భవిత మేడ మీదికి పోయి లాప్‌టాప్ తెరిచింది. 'భద్రయ్య కిరాణ' అని కొటేషన్లలో పెట్టి తీసెయ్యమని రాసింది. తీసెయ్యమన్న తరువాత నల్ల తెర 'నిజమేనా' అని అడగదు. కనెక్షన్ తీసివేయబడిందని ఒక వరుస పడింది. కింద గీత మినుకుమంటూ ఉంది. ఆమె మూత వేసింది.

పొద్దున లేచేసరికి లాప్‌టాప్ సంచి తలుపు దగ్గర ఉంది. ఎత్తితే బరువుగా ఉంది. జిప్ తీసి చూసింది. లాప్‌టాప్ కింద మడత పెట్టిన రెండు జతల బట్టలు, తువ్వాలు, కవరులో కట్టిన పల్లీపొడి. వంటింట్లో శారదాదేవి వెనక్కి తిరగకుండా, "ఎల్లు, బస్సు పోతది" అన్నది. "గల్లా మీద నేను కూసోను. నాకేం పట్టింపులున్నయి?"

కిందికి దిగాలంటే దుకాణం గుండానే పోవాలి. భద్రయ్య ఎండుమిరపకాయలు జోకుతున్నాడు. సంచి వైపు చూశాడు. బస్తా చూసి ఎన్ని కిలోలో చెప్పే మనిషి అతను. ఒక లాప్‌టాప్‌కు ఆమె భుజం అంత వంగదని అతనికి తెలుసు. తక్కెడ ముల్లు కుదురుకునేదాకా దానివైపే చూశాడు.

"మాపటికి అస్తవు గద?" అన్నాడు.

భవిత అరుగు మీద నిలబడి సంచి పట్టీని రెండో భుజానికి మార్చుకున్నది. అరుణ్ ఆటో హారన్ కొట్టాడు. మొయినాబాద్ దాకా ఒక్క సీటే మిగిలిందని అరుస్తున్నాడు.

"చూద్దాం బాపూ" అన్నది.

భద్రయ్య తల ఊపి, మిరపకాయలను కాగితంలో పోసి కట్టాడు.